చప్పుడు లేదన్న మేస్త్రి

మా వీధిలో అతన్ని ప్రొఫెసరు అంటారు. గౌరవంతో పెట్టిన పేరేమీ కాదు. బోనెట్ ఎత్తకముందే అరగంట పాఠం చెబుతాడని ఎవరో విసిగిపోయి అన్న మాట. అతను దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు. షెడ్డు గోడ మీద తన పేరు పక్కన పెద్దక్షరాలతో రాయించుకున్నాడు కూడా. వెక్కిరింపును పెయింటరు చేత రంగులేయించి గోడకెక్కించుకున్న మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

నాది పక్క షాపు. లేతు మిషను మీద పని. మా రెండు షాపులకూ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఆ రేకు అవతలి నుంచి పంతొమ్మిదేళ్లుగా అతని గొంతు వింటున్నాను. ఇన్నేళ్లలో అతని నోటి నుంచి "తెలీదు" అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు.

అతను పుట్టు మేస్త్రి కాదు. విడిభాగాలు అమ్మే కంపెనీ తరఫున సూట్‌కేసు పట్టుకుని షెడ్డు షెడ్డుకీ తిరిగేవాడు. ఆ తిరుగుడులోనే ఈ షెడ్డుకొచ్చాడు. అప్పట్లో షెడ్డు పెద్దాయనది. పెద్దాయన అసలైన పనివాడు. ఆయన బిగించిన గేరుబాక్సు మళ్లీ విప్పాల్సొస్తే అది బండి తుక్కు కింద పోయే రోజే. మాటలు తక్కువ మనిషి కావడం వల్లనేమో, ఈ సూట్‌కేసు కుర్రాడి మాటల ధారకి ముచ్చటపడి కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. జీవితంలో పెద్దాయన తప్పుగా బిగించింది అదొక్కటే.

తర్వాత పెద్దాయనకి చెవులు పోయాయి. నలభై ఏళ్లు సుత్తి దెబ్బల మధ్య బతికినవాడికి అది వింత కాదు. మొదట ఎడమ చెవి, రెండేళ్లకి కుడి. ఆయన దాచలేదు. వచ్చినవాళ్లందరికీ చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, సుద్దముక్క అందించి నేల మీద రాయమనేవాడు. అలా కొన్నాళ్లు పని సాగించాడు. ఆ తర్వాత అల్లుడు, "మీరింక విశ్రాంతి తీసుకోండి మామగారూ" అని షెడ్డు మీదున్న గదిలోకి పంపించి, ఆయన స్టూలు మీద తను కూర్చున్నాడు.

కూతురు మాత్రం చిన్నప్పటి నుంచీ స్పానర్లతో పెరిగింది. నట్టు చూసి నంబరు చెప్పేది. పెళ్లయ్యాక ప్రొఫెసరు, "ఆడవాళ్ల చేతికి గ్రీజేంటి, అసహ్యంగా" అన్నాడు. అన్నాడే గానీ, మధ్యాహ్నం అతను కునుకు తీసే వేళ సామానంతా కిరసనాయిల్లో కడిగేది ఆవిడే, బేరింగులు చేతిలో తిప్పి చూసి పనికిరానివి పక్కన పెట్టేదీ ఆవిడే. ఆ పనికి అతను పెట్టుకున్న పేరు "చేతిసాయం".

ఇక అసలు సంగతికొస్తాను. ఊరి చివర కొండ మీద రాళ్ల క్వారీ ఉంది. అక్కడి పనివాళ్ల ఇళ్లకి తాగే నీళ్ల క్యాన్లు చేరవేసే చిన్న ట్రక్కు ఒకటి. దాన్ని నడిపేది ముప్పై ఎనిమిదేళ్ల ఆడమనిషి. అందరూ నీళ్లక్క అంటారు. కొండెక్కే దారిలో ఒక మలుపు దగ్గర ఎప్పుడూ కంకరపొడి, దాని మీద తడి. అక్కడ ట్రక్కు వెనక చక్రం ఒకటి ఉన్నచోటే గిరగిరా తిరిగేది. రెండోది కదలకుండా నిలబడేది. నీళ్లక్క దిగి, చక్రం కింద గోనెపట్టా వేసి, మళ్లీ ఎక్కి, అలా రోజుకి రెండుసార్లు ఒళ్లు హూనం చేసుకునేది.

దీనికి మందు ఉంది. వెనక ఇరుసు మధ్యలో లావుపాటి గుండు లాంటిది ఉంటుంది చూశారా, అందులో ఉంటుంది డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగాలి. ఆ తేడాని సర్దేది అదే. దాంతో చిక్కేమిటంటే, ఒక చక్రం జారితే బలమంతా ఆ జారేదానికే ధారపోస్తుంది. లిమిటెడ్ స్లిప్ అని ఇంకో రకం ఉంది. దాని లోపల పల్చటి ప్లేట్ల దొంతర ఉంటుంది. జారే చక్రాన్ని అవి ఒరుసుకుని పట్టి, రెండో చక్రానికి కూడా బలం అందేలా చేస్తాయి. నీళ్లక్క ఎక్కడెక్కడో వాకబు చేసి తన ట్రక్కుకి సరిపడేది ఒకటి తెప్పించుకుంది. పెట్టె తెచ్చి ప్రొఫెసరు ముందు పెట్టింది.

"ఇది మీరు ఇంతకుముందు బిగించారా మేస్త్రి గారూ?" అని అడిగింది.

"బిగించడమా? ఇలాంటివి నిద్రలో లేపి ఇచ్చినా బిగిస్తానమ్మా" అన్నాడు.

అతను అలాంటిది కంటితో చూడడం అదే మొదటిసారి.

ఆ పూట బుష్ అనే చిన్న ఇనుప గొట్టం ఒకటి చేసిచ్చి రావడానికి అటు వెళ్లాను. పెట్టెలో నాలుగు మడతల కాగితం ఉంది, ఏం చేయాలో బొమ్మలతో సహా. అతను దాన్ని పరిచి, దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకున్నాడు. చిన్న సీసా కూడా ఒకటి ఉంది, ఘాటైన వాసన. ఆ ప్లేట్లు పట్టీ పట్టనట్టు జారడానికి నూనెలో కలపాల్సిన మందు అది. అతను మూత తీసి వాసన చూసి, "శాంపిల్ పంపించారు వెధవలు" అని, ఎప్పుడూ పట్టేసే షెడ్డు షట్టరుకి రాశాడు. ప్లేట్లని నూనెలో నానబెట్టకుండా పొడిగానే తోసేశాడు. పాతదానికి రెండు పక్కలా ఉన్న పల్చటి సర్దుబాటు రేకుల్ని, షిమ్ములంటాం మేము, కొలిచి చూడకుండా అలాగే కొత్తదానికి వేశాడు. కొత్త దాని కొలత వేరు. ఒక వెంట్రుక మందం తేడా వచ్చినా లోపలి పళ్లచక్రాలు ఒకదాన్నొకటి సరిగ్గా కరవవు. లేతు మీద బతికేవాణ్ణి, నాకు తెలుసు. అయినా నోరు మూసుకున్నాను. చెబితే తిరిగి పాఠం వినాలి. అంతకన్నా నిజం చెప్పాలంటే, వీడు బోర్లా పడితే చూడాలని ఉంది నాకు.

మర్నాడే నీళ్లక్క వచ్చింది.

"మలుపులో జారడం లేదు మేస్త్రి గారూ, అది బానే ఉంది. కానీ చప్పుడొస్తోంది. ఒకటి కాదు, రెండు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోతుంటే వెనకాల గరగరమని కుదుపు. దిగుడులో ఆక్సిలరేటర్ వదిలానంటే సన్నగా ఊళ పెడుతోంది."

ఆ మనిషి ఎంత చక్కగా చెప్పింది చూడండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు. మేస్త్రి అన్నవాడు ఆ రెండు మాటలు వింటే సగం పని అయిపోయినట్టే. ప్రొఫెసరు ట్రక్కు ఎక్కి, వీధి చివరి దాకా నడిపి, తిరిగొచ్చి దిగాడు.

"చప్పుడే లేదు" అన్నాడు.

"అదేంటండీ, ఇప్పుడు మీరు వదిలినప్పుడు కూడా వచ్చిందిగా! నాకు ఇక్కడికి వినపడింది."

"టైర్ల చప్పుడమ్మా అది. గళ్లు అరిగితే ఊళ పెడతాయి. ముందుకీ వెనక్కీ మార్చుకో."

మార్చుకుంది. ఊళ పోలేదు. రెండోసారి వస్తే చక్రాల బేరింగులన్నాడు. అవీ మార్చాడు. పోలేదు. "నువ్వు క్లచ్ మీద కాలు ఆనించి నడుపుతున్నావ్. ఆడవాళ్లందరికీ ఉండే అలవాటే" అన్నాడు ఆ తర్వాత. పదహారేళ్లుగా బండి నడిపే మనిషి ముందు, రోజూ కొండెక్కి దిగే మనిషి ముందు, స్కూటరు మీద కూడా మలుపులో కాళ్లు కిందపెట్టే ఈ మహానుభావుడు ఆ మాటన్నాడు. నీళ్లక్క మొహం ఎర్రబడింది గానీ తాళం తీసుకుని బండెక్కింది. ఊళ్లో ఆ పని చేసే షెడ్డు ఇంకోటి లేదు.

ఆ వారంలోనే ఒకరోజు మలుపులో మెల్లగా తిరుగుతుంటే వెనక చక్రం ఆ గరగరతో గెంతి, ట్రక్కు పక్కకి జరిగింది. రెండు క్యాన్లు లోయలో పడ్డాయి. ఆవిడ మోచెయ్యి తలుపుకి కొట్టుకుని కమిలిపోయింది. ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సహించలేదు. వీడు బోర్లా పడాలని నేను కూర్చుంటే, పడబోయింది ఆవిడ. అతన్ని తిట్టుకునే నోటితోనే నన్ను నేను తిట్టుకున్నాను. కానీ అప్పుడు కూడా లేచి వెళ్లి చెప్పలేదు. మనిషి పిరికితనానికి సాకులు బోలెడు.

నాలుగోసారి ఆవిడ కమిలిన చెయ్యి చూపించి నిలదీసింది. ఆ రోజు ప్రొఫెసరు చేసిన పని చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. సీటు తీసి, దాని కింద నేలంతా మందపాటి ఫెల్టు గుడ్డ పరిచి, దాని మీద రబ్బరు షీటు అతికించి, మళ్లీ సీటు బిగించాడు. "ఇప్పుడు చూడు, చప్పుడుంటే నన్నడుగు" అన్నాడు. జబ్బుకి మందు వేయడం చేతకాక రోగి నోట్లో గుడ్డ కుక్కినవాణ్ణి నేను అదే చూడడం. పైగా చేతులు దులుపుకుంటూ నావైపు చూసి కన్ను గీటాడు, మనిద్దరం ఒక తానులో ముక్కలమన్నట్టు.

నీళ్లక్క ట్రక్కు వెనక్కి తీసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి రోడ్డెక్కుతోంది. మేడ మెట్ల మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒక్కసారిగా లేచాడు.

"ఆగు! ఆపు బండి!" అని అరిచాడు. చెవులు పోయినవాళ్ల గొంతు కదా, వీధంతా వినపడింది. మెట్లు దిగొచ్చి వెనక చక్రం వైపు వేలు చూపించాడు. "కుంటుతోంది. లోపలి చక్రం గెంతుతోంది. చూడు, మట్టి మీద ఎలా గీకిందో."

నిజమే. నేల మీద చక్రం జాడ గీతలా లేదు. దువ్వెన పళ్లలా తెగి తెగి ఉంది. మా చెవులు విన్నదాన్ని ఆయన కళ్లు పట్టుకున్నాయి.

"మామగారూ, మీరు పైకెళ్లండి" అన్నాడు ప్రొఫెసరు, చేత్తో మెట్లు చూపిస్తూ. తర్వాత నీళ్లక్క వైపు తిరిగి, "ఏమనుకోకమ్మా. వినపడదు పాపం. చప్పుడు గురించి చెవిటాయన్ని అడగడమేంటి" అని నవ్వాడు.

ప్రొఫెసరు భార్య కిరసనాయిలు డబ్బా పక్కన కూర్చుని ఇదంతా చూస్తోంది. ట్రక్కు దగ్గరికి నడిచి వెళ్లి, నీళ్లక్కతో మెల్లగా అంది: "ఆదివారం రండి. ఆయన మేస్త్రీల సంఘం మీటింగుకి వెళ్తారు. నాన్నా నేనూ ఉంటాం."

సంఘం మీటింగులో ప్రొఫెసరు ఉపన్యాసం ఉంది. విషయం, వాహనాల్లో శబ్దాలను గుర్తించడం ఎలా. నేను కల్పించి చెబుతున్నది కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లాడు.

ఆ ఆదివారం పొద్దున నీళ్లక్క వచ్చింది. పెద్దాయన మొట్టమొదట చేసిన పని డ్రైవరు పక్క సీటు పీకి, ఫెల్టు గుడ్డని రెండు వేళ్లతో పట్టుకుని బయట పడేయడం. తర్వాత చెప్పులు విప్పి, ట్రక్కులో పక్క సీటు చోట నేల మీదే చతికిలబడ్డాడు. కుడి అరచెయ్యి రేకు మీద పరిచాడు. కూతురు ఆయన వెనక ఇరుక్కుంది. ఈసారి నేనూ ఊరుకోలేదు, వెనకాల ఖాళీ క్యాన్ల మధ్య ఎక్కాను.

"తిన్నగా పో, ఒకే స్పీడులో" అన్నాడు పెద్దాయన. పోయింది. చెయ్యి కదల్లేదు. "ఏం లేదు. ఇప్పుడు తొక్కు." తొక్కింది. "ఏం లేదు. వదిలెయ్."

వదిలింది. ఊళ మొదలైంది. నాకు క్యాన్ల మోతలో కూడా స్పష్టంగా వినపడింది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. అరచెయ్యి ఎత్తి, వేళ్ల కొసలు ఆనించాడు.

"సన్నటి వణుకు. చీమలు పాకినట్టుంది. ఇప్పుడు న్యూట్రల్ చెయ్."

న్యూట్రల్ చేసింది. బండి అదే వేగంతో పోతోంది. ఊళ ఆగిపోయింది.

"పోయింది! చక్రాల బేరింగ్ అయితే ఇప్పుడు కూడా ఉండాలిగా! చక్రం తిరుగుతూనే ఉందిగా!" అన్నాడు, చిన్నపిల్లాడి సంబరంతో. "మెల్లగా అటూ ఇటూ ఊపు బండిని." ఊపింది. ఒక పక్క బరువు పడ్డా, ఇంకో పక్క పడ్డా తేడా లేదు. "ఆ. బేరింగులు కావు, టైర్లు కావు. పళ్లచక్రాల మీద బరువు పడినప్పుడే వస్తోంది, అదీ వెనక్కి లాగేటప్పుడే. పళ్లు సరిగ్గా కలవలేదు."

తర్వాత బడి వెనక ఖాళీ మైదానంలోకి తీసుకెళ్లమని, స్టీరింగ్ చివరిదాకా తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పించాడు. గరగర, కుదుపు. ఆయన ఒళ్లంతా అదిరింది. నవ్వాడు. "ఇది వేరే జబ్బు. తిన్నగా పోతే లేదు. తిరిగితేనే. ప్లేట్లు ఎండిపోయి ఒకదాన్నొకటి పట్టుకుని వదుల్తున్నాయి. ఏం నూనె పోశాడు?"

కూతురు ఆయన అరచేతిలో వేలితో రాసింది: మామూలుది.

ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. వినపడని మనిషి, అడగడం తెలిసినందువల్ల, రెండు జబ్బుల్నీ వేరు చేసి చూపించాడు. మా ప్రొఫెసరు ఆ సమయానికి మైకు ముందు నిలబడి ఏం వాగుతున్నాడో ఊహించుకుంటే నాకు నవ్వు ఆగలేదు.

షెడ్డుకి వచ్చి ఇరుసు మధ్యలోని ఆ గుండుని, హౌసింగ్ అంటాం, విప్పారు. విప్పింది కూతురే. పెద్దాయన చేతులు ఇప్పుడు బరువు ఆపలేవు. ఆయన స్టూలు మీద కూర్చుని వేలితో చూపించాడు, ఆవిడ చేసింది. ప్లేట్లు తీసి కడిగి, శుభ్రమైన నూనెలో ముంచి పక్కన పెట్టింది. "దీంతో సీసా రావాలే" అంది, టిఫిన్ మరకల మధ్య ఆ కాగితం చదువుతూ. నేను షట్టరు వైపు చూపించాను. ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు కూడా. అలమార వెతికి సీసా తీసింది. షట్టరుకి పట్టింది రెండు మూతలే. మిగతాది ఉంది.

పళ్లచక్రం పళ్లకి పెద్దాయన ఎర్రరంగు పూయించి, చేత్తో తిప్పించాడు. పళ్లు కలిసిన చోట రంగు చెరిగి గుర్తు పడాలి. పంటి మధ్యలో పడాల్సిన గుర్తు ఒక అంచున గోరు గీతలా పడింది. "అదే. అంచుతో కరుస్తోంది. అరవక ఏం చేస్తుంది" అన్నాడు. ఒక పక్క షిమ్ము పల్చన చేసి రెండో పక్క పెంచాలి. ఆ షిమ్ములు నేనే అరగదీశాను. రెండోసారి రంగు పూసి తిప్పితే గుర్తు కాస్త లోపలికి జరిగింది. నాలుగోసారికి మధ్యలో బియ్యపు గింజలా కుదురుగా పడింది. పెద్దాయన కూతురి తల మీద గ్రీజు చేత్తోనే తట్టాడు. ఆవిడ వద్దనలేదు.

మధ్యాహ్నం మూడింటికి అంతా బిగించి, కొత్త నూనె పోసి, సీసాలో మందు కలిపి, మళ్లీ మైదానానికి తీసుకెళ్లారు. ప్లేట్లకి మందు పట్టాలంటే ఎనిమిదంకె వేసినట్టు మెల్లగా తిప్పాలట. నీళ్లక్క ఇరవైసార్లు తిప్పింది. మొదటి మూడు చుట్లలో చిన్న గరగర, ఆ తర్వాత లేదు. దిగుడులో ఆక్సిలరేటర్ వదిలితే చక్రాల కింద గులకరాళ్ల సవ్వడి తప్ప ఇంకేం లేదు. నీళ్లక్క ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చింది.

"అక్కా, నేనే పిచ్చిదాన్నేమో అనుకున్నానే ఇన్నాళ్లూ. లేని చప్పుడు వింటున్నానేమో అని" అంది.

"ఉంది. నేను కూడా విన్నాను. మొదటి రోజు నుంచీ" అంది ప్రొఫెసరు భార్య.

ఇంకా వెలుగుండగానే ప్రొఫెసరు తిరిగొచ్చాడు. మెడ నిటారుగా, ఫైలు చంకలో. ట్రక్కుని చూశాడు, భార్య చేతుల్ని చూశాడు, నన్ను చూశాడు. జరిగింది అర్థమైంది. మొహం గంటు పెట్టుకున్నాడు గానీ, అది ఎంతోసేపు కాదు. తనకి అలవాటైన దారి దొరికింది.

"నేను చెప్పలేదూ? కొత్త సామాను నడవగా నడవగా అదే సర్దుకుంటుంది. ఏదీ, తాళం ఇవ్వు, నేనొకసారి చూసి సరేనంటే తీసుకుపో" అన్నాడు.

నీళ్లక్క ఏ మూడ్‌లో ఉందో, తాళం ఇచ్చేసింది. అతను ఎక్కి రివర్స్ గేరు వేశాడు. ఆ ట్రక్కు వెనక్కి పోయేటప్పుడు కీ, కీ, కీ అని సన్నటి బజరు మోగుతుంది, వెనక ఉన్నవాళ్లు తప్పుకోవడానికి. అది మోగుతోంది. బాగా మోగుతోంది. వీధి అవతల కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు కూడా. ప్రొఫెసరు వెనక్కి తీసి, ఆపి, తల బయటపెట్టాడు.

"అంతా బానే ఉంది. కానీ రివర్స్ బజరు పోయిందమ్మా, వేయించుకో. ఎవరినైనా గుద్దుతావ్."

బజరు ఇంకా మోగుతూనే ఉంది.

నేను ప్రొఫెసరు భార్య వైపు చూశాను. ఆవిడ చేతిలోని గుడ్డ నేల మీద పడింది. మా మొహాల్లో అతనికి ఏదో కనిపించింది. గేరు తీశాడు. బజరు ఆగింది. అది ఆగిందని కూడా అతనికి తెలిసినట్టు లేదు.

"ఏంటి అందరూ అలా చూస్తారు?"

"ఎప్పటి నుంచండీ?" అంది భార్య. గొంతు పెంచి, మెల్లగా, పెదవులు కదిలేలా. వాళ్ల నాన్నతో మాట్లాడినట్టు.

"ఏంటి ఎప్పటి నుంచి? నాకేం? అరవకు, నేను చెవిటివాణ్ణి కాదు" అన్నాడు. తాళం సీటు మీద పడేసి మేడెక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు అన్నీ ఒకటొకటిగా నాకు గుర్తొచ్చాయి. ఎవరు ఏమడిగినా అతను జవాబు చెప్పకుండా పాఠం మొదలెట్టడం. మాట్లాడేది తనే అయితే వినాల్సిన పని ఉండదు కదా. ఎన్ని బళ్లని "చప్పుడే లేదు" అని వెనక్కి పంపించాడో! ఒక్క క్షణం నా గుండె కరిగింది, అబద్ధమెందుకు. ఎదటివాళ్ల మాట అందక, అందినట్టు తల ఊపుతూ కాలం గడపడం నరకమే. కానీ చెవులు పోవడంలో సిగ్గేముంది? అదే మేడ మీద, తను పంపించిన గదిలో, రెండు చెవులూ పోయిన మనిషి సుద్దముక్కతో మర్యాదగా బతుకుతున్నాడు. ఇతను తన లోపాన్ని దాచుకోవడానికి, చెవులు సవ్యంగా ఉన్న ఒకావిణ్ణి పిచ్చిదాన్ని చేశాడు. నీళ్లక్క మోచెయ్యి గుర్తొచ్చి నా జాలి మళ్లీ గడ్డకట్టింది.

పది రోజులు పోరి భార్య అతన్ని చెవుల పరీక్షకి తీసుకెళ్లింది. తిరిగొచ్చి రేకు గోడ మీదుగా నాతో చెప్పాడు: "ఆ మిషనే సరిగా లేదు. నేనే వాళ్లకి చెప్పొచ్చాను ఎలా బాగుచేసుకోవాలో." చెవికి పెట్టుకోమని ఇచ్చినదాన్ని డబ్బాలోంచి తీయనేలేదు.

ఇంకో సంగతి కూడా నా కళ్లతో చూశాను. ఒక మధ్యాహ్నం షెడ్డులో జీపు ఒకటి జాకీల మీద ఎత్తి, ఇంజన్ ఆన్ చేసి ఉంది. పెద్దాయన అల్లుణ్ణి సైగ చేసి పిలిచాడు. కాదనలేక వచ్చాడు. పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని, తిరుగుతున్న హౌసింగ్ మీద ఆనించి, పైన తన చెయ్యి వేశాడు. "ఇక్కడ చూడు. చెవి అక్కర్లేదు. నేను నేర్పుతా" అన్నాడు. నేర్పించమని ఎవరూ అడగలేదు ఆయన్ని. తను ఎవరికీ చెప్పుకోలేక పడ్డ బాధ ఆయనకి తెలుసు, అంతే. ప్రొఫెసరు చెయ్యి లాక్కున్నాడు. జేబులోంచి రుమాలు తీసి వేళ్లన్నీ ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. తర్వాత రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఆ పెద్దాయన చెయ్యి ఇంకా అలాగే హౌసింగ్ మీద ఉంది.

ఆ తుడుచుకోవడం చూశాక ఆ మనిషి విషయంలో నాకు ఇక తర్జనభర్జన లేదు.

ఇప్పుడు షెడ్డులో పని మొత్తం ఆవిడదే. ఆదివారం సంగతి నీళ్లక్క కొండ మీదా కిందా చెప్పడంతో, చప్పుడు చేసే ప్రతి బండీ ఇక్కడికే వస్తోంది. ఆవిడ నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరిగొస్తుంది, తర్వాతే స్పానరు పట్టుకుంటుంది. ఎవరి బండిలో ఏ జబ్బో ముందే చెప్పదు. తెలియకపోతే తెలియదనే చెబుతుంది. ఆ మాట మొదటిసారి ఆ షెడ్డులోంచి వినపడినప్పుడు నేను మిషను ఆపి మరీ విన్నాను.

ప్రొఫెసరు గుమ్మం దగ్గర కుర్చీలో ఉంటాడు. తనని ఎవరో పక్కన పెట్టారని అతను అనుకోవడం లేదు. పైకి ఎదిగి, పని కిందివాళ్లకి అప్పగించానని అతని లెక్క. మొన్నొకాయన కొత్తగా వచ్చాడు, కారు వెనకాల ఏదో మూలుగుతోందని. ప్రొఫెసరు అతన్ని కూర్చోబెట్టి మొదలెట్టాడు.

"ఆ మధ్య ఒక నీళ్ల బండి వచ్చిందండీ. ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు. నేను బండి నేల మీద కూర్చుని ఇలా అరచెయ్యి పెట్టాను, అంతే. రెండు జబ్బులూ దొరికిపోయాయి."

"అలాగా! మరి ఆ మెట్ల మీద పెద్దాయన ఎవరండీ?"

ఆ కొత్తాయన పెదవుల కదలికలో ప్రొఫెసరు ఏం పట్టుకున్నాడో గానీ, జవాబు మాత్రం సరిగ్గానే చెప్పాడు. "మా మామగారు. పాపం, చెవుడు. ఆయనకి ఇవేం తెలియవు."

కారు కింద నుంచి ఆవిడ బయటికి జరిగింది. మొహాన నూనె మరక. లేచి, చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి. తొక్కినప్పుడు మూలుగుతోందా, వదిలినప్పుడా?"

ఆ కొత్తాయన కుర్చీలోంచి లేచి తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. ప్రొఫెసరు ఖాళీ కుర్చీ వైపు తిరిగి ఇంకా చెబుతూనే ఉన్నాడు.